సముద్రం దాటిన బీరు, చిట్యాల దాటని కల్లు

బర్మింగ్‌హామ్ నుంచి సెలవుకొచ్చిన మా బావకు రెండే కోరికలు: పానగల్లు గుడిలో నీడ చూడాలి, చెట్టు కింద కూర్చుని తాటికల్లు తాగాలి. అందుకు బదులుగా అన్నట్టు, సూట్‌కేసులో లుంగీలు చుట్టి రెండు సీసాల ఇంగ్లిష్ పేల్ ఏల్ బీరు తెచ్చాడు. మార్చిలో ఒక శనివారం నల్గొండ బయల్దేరాం. కారు తమ్ముడిది. వాడు మందు ముట్టడు కాబట్టి ఆ టెన్షన్ లేదు.

ఆ పానగల్లు గుడి, ఛాయా సోమేశ్వరాలయం, టౌన్‌కి దగ్గరే. మూడు గర్భగుళ్లున్న ఆ గుడిలో ఒకచోట పగలంతా స్తంభం నీడ కదలకుండా ఉంటుంది. అది ఏ స్తంభానిదో తేల్చాలని బావ ఒక్కోదాని పక్కనా నిలబడి చూశాడు, తేలలేదు. శిల్పాలు చూడాలనుకుంటే మాత్రం అదే ఊళ్లోని పచ్చల సోమేశ్వరాలయానికి ఎక్కువ టైం ఉంచుకోండి.

లాడ్జి గది 1,600. ఏసీ బాగుంది. వేడినీళ్లు ఎనిమిదింటి వరకేనని డబ్బు కట్టాక చెప్పారు. పక్కనే ఫంక్షన్ హాలు, అర్ధరాత్రి దాకా బరాత్ డీజే. పిల్లలతో వెళ్తే వెనకవైపు గది అడగండి. మెస్సులో జొన్నరొట్టె, నాటుకోడి తిన్నాం, వంక పెట్టడానికేం లేదు.

సీసాలు డీప్‌ఫ్రిజ్‌లో పెట్టబోయిన లాడ్జి పిల్లాణ్ని బావ ఆపిన తీరు చూడాలి. గడ్డకట్టేంత చల్లబడితే ఏల్ రుచే తెలియదట. అక్కడి పబ్బుల్లో పీపాలోంచి చేతిపంపుతో పోసేది కూడా 12 డిగ్రీల దగ్గరే ఉంటుందట. గ్లాసులో పలచటి బెల్లం పానకం రంగు, పైన సన్నటి నురగ. మన వైన్‌షాపు లాగర్ బీరులా గ్యాస్ ముక్కులోకి తన్నదు. ముందు కాల్చిన రొట్టె అంచు రుచి, మింగాక ఉగాది పచ్చడి చివర్లో తగిలే చేదు. ఆ చేదు బీరులో వేసే హాప్స్ పూలది. సీసా అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది, చివరి గుక్క వదిలెయ్యాలి. నేను తాగేశాను, ఏమీ కాలేదు.

ఇంగ్లండ్‌లో బర్టన్ ఊరి బావుల్లో జిప్సం ఎక్కువని, ఆ నీళ్ల వల్లే అక్కడి పేల్ ఏల్‌కి అంత పేరని బావ మొదలుపెట్టాడు. నల్గొండ నీళ్లకూ పేరుంది బావా, ఫ్లోరైడ్ తీసే పద్ధతినే నల్గొండ టెక్నిక్ అంటారు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పొద్దున ఆరున్నరకు తాటివనంలో ఉన్నాం. గౌడ్ కాక నడుముకి మోకు బిగించుకుని చెట్టు ఎక్కి, లొట్టి (కల్లు కుండ) దించుకొచ్చాడు. నురగ మీద రెండు తేనెటీగలు. బావ గ్లాసు అడిగితే, "గిలాస ఎందుకు సారూ, రేకల పడుండ్రి" అన్నాడు. తాటాకు రేక రెండు చేతుల్తో పట్టుకుని నోటికి ఆనించాలి, పైనుంచి ఆయన పోస్తూనే ఉంటాడు. మింగడం ఆపితే కల్లు గడ్డం మీదుగా చొక్కాలోకి. బావకు అదే అయింది. తియ్యగా, కాస్త కొబ్బరినీళ్ల వాసనతో, నాలుక చివర చిన్న మంట. పక్కన ఉడికించిన శనగ గుడాలు. తొమ్మిదింటికి అదే లొట్టిలోది మళ్లీ తాగితే పులుపు మొదలైంది. కుండలో ఈస్ట్ తన పని ఆపదుగా, పులియబెడుతూ గ్యాస్ వదులుతూనే ఉంటుంది. లొట్టికి సున్నం పూస్తే పులవకుండా నీరాగా ఉంటుందని కాక చెప్పాడు.

నా ఓటు ఏడు గంటల కల్లుకే. తొమ్మిది దాటితే మాత్రం బావ సీసాకే. హాప్స్ పుణ్యమా అని ఒకప్పుడు ఓడల్లో నెలల తరబడి ప్రయాణించి ఇండియాకి చేరిన బీరు అది. కల్లుకి ఆ సౌకర్యం లేదు, మనమే చెట్టు దగ్గరికి వెళ్లాలి. చెట్టు జాడలేని దుకాణంలో అమ్మే సీసా కల్లు జోలికి మాత్రం పోవద్దు. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు తాగి ఆసుపత్రి పాలైనవాళ్లు మన జిల్లాల్లో తక్కువేం లేరు.

ఇంత చెప్పినా అక్క కోసమని బావ రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా నిండా కల్లు పట్టించి, మూత గట్టిగా బిగించాడు. దారిలో చిట్యాల దగ్గర వెనక సీట్లో టప్‌మని పేలింది. అద్దాలు దించుకుని హైదరాబాద్ చేరాం. చుక్క ముట్టని తమ్ముడి చొక్కాకే అందరికంటే ఎక్కువ వాసన.