మిలాన్‌లో 96 యూరోల గది, పైసా అడగని ఏడు బురుజులు

ముందు గది సంగతి చెప్పాలి, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. సెంట్రల్ స్టేషన్ దగ్గర రాత్రికి 96 యూరోలు. ఫొటోల్లో లిఫ్ట్ ఉంది, వెళ్ళి చూస్తే దానికి తాళం. రెండు సూట్‌కేసులూ నాలుగో అంతస్తుకి మోసేసరికి మా ఆయన చొక్కా పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. గది ఖాళీ చేశాక సాయంత్రం దాకా సామాను ఉంచితే పెట్టెకి 8 యూరోలట, రసీదు కూడా లేదు! అక్కడ చవక గది తీసుకునేవాళ్ళు లిఫ్ట్ పనిచేస్తోందా అని ముందే మెసేజ్ పెట్టి అడగండి. పెద్ద చర్చి చూశాం, బాగుంది.

మర్నాడు మూతి ముడుచుకున్న మనిషిని వెంటేసుకుని పిరెల్లి హంగర్‌బికోకా అనే కళా ప్రదర్శనశాలకి బయల్దేరాను. మెట్రో 2.20 యూరోలు, ఎం5 లైన్‌లో పొనాలె దగ్గర దిగి కాస్త నడవాలి. గురువారం నుంచి ఆదివారం వరకే తెరుస్తారు. లోపలికి టికెట్ లేదు.

ఒకప్పటి ఫ్యాక్టరీ షెడ్డు అది. చీకట్లో జర్మన్ కళాకారుడు అన్‌సెల్మ్ కీఫర్ 2004లో నిలబెట్టిన ఏడు కాంక్రీటు బురుజులు. ఎత్తు 14 నుంచి 18 మీటర్లు, ఒక్కోటి 90 టన్నులు. "మియాపూర్‌లో బిల్డర్ పారిపోయిన అపార్ట్‌మెంట్‌లా ఉంది, దీనికోసమా?" అన్నారు ఈయన. సివిల్ ఇంజనీరు కదా, బయటికి పొడుచుకొచ్చిన చువ్వలు చూసి ఊరుకోలేరు. ఆ తర్వాత స్లాబుల మధ్య చీలల్లా దూర్చిన సీసపు పుస్తకాలు కనబడ్డాయి. ఇక కదిలితే ఒట్టు. "తూకం గుండు వేసి చూస్తే ఒక్కటీ నిట్టనిలువుగా లేదు, అయినా ఎలా ఆగిందో!" అని బురుజు చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

కీఫర్ పుట్టింది 1945 మార్చిలో, జర్మనీ ఓడిపోతున్న నెలల్లో. కూలిన ఇళ్ళ ఇటుకలే చిన్నప్పటి ఆటవస్తువులు. అందుకేనేమో ఆయన శిథిలాన్ని బొమ్మ గీసి ఊరుకోడు, దాని బరువుతో సహా మన ముందు నిలబెడతాడు. ఒక బురుజు మీంచి సీసపు ఫిల్మ్ రీళ్ళు వేలాడుతున్నాయి. సీసంలోంచి వెలుతురు దూరదు, ఆ రీలు మీద ఏ బొమ్మా పడదు. ఇంకోదాని కింద ఖాళీ ఫ్రేములు, పగిలిన గాజు. నాకు అక్కడే గుండె పట్టేసినట్టయింది.

వెనక 2015లో చేర్చిన పెద్ద చిత్రాలున్నాయి. ఒకదాని పేరు 'జైపూర్'. మరోదాంట్లో నిజం పొద్దుతిరుగుడు గింజలే నక్షత్రాలు. వీటికి అరగంట చాలు, బురుజులకి మాత్రం రెండు గంటలు ఉంచుకోండి.

తిరిగొచ్చేటప్పుడు ఈయన మెట్రోలో ఫోన్ తీసి 90 టన్నులకి పునాది లెక్క వేస్తున్నారు. సామానుకి కట్టిన 16 యూరోల ఊసే ఎత్తలేదు, నేనే ఇంకా తిట్టుకుంటున్నాను.