రాయదుర్గంలో కెమెరా చూపిస్తే రేటు పెరుగుతుంది

ఫోన్‌లో ఏసీ గది 1,200 అన్నారు. రాయదుర్గంలోని ఆ లాడ్జికి చేరి మా బావ కెమెరా బ్యాగు కౌంటరు మీద పెట్టగానే 1,800 అయింది. "మైనింగ్ కోసం వచ్చిన మీడియా కదా సార్, డబ్బులు మీవి కాదు కదా" అన్నాడు మేనేజరు. బావ సొంత ఖర్చుతో గనుల ఊళ్లు తిరుగుతూ ఫొటోలు తీస్తున్నాడంటే నమ్మడే! రాత్రి తొమ్మిది దాటింది, కట్టేశాం. ఏసీ మోత వచ్చింది, చల్లదనం రాలేదు. వేడినీళ్లు బకెట్ 30. మేం తెప్పించుకున్నది ఒకటి, బిల్లులో మూడు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందట. మీరు వెళ్తే ముందు ఏసీ వేయించి చూడండి, ఆ తర్వాతే డబ్బు తీయండి. కెమెరా మాత్రం బయటికి తీయకండి.

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ప్లేటు 40. రెండో ప్లేటుకి గానీ బావ నోరు విప్పలేదు.

డి.హీరేహాళ్ మీదుగా ఇనుప గనుల ఊరు ఓబుళాపురం వెళ్లి రావడానికి కారు 2,200. బావ బుర్ర నిండా ఫొటోగ్రాఫర్ సెబాస్టియావో సాల్గాడో 1986లో బ్రెజిల్‌లోని సెర్రా పెలాడా బంగారు గనిలో తీసిన ఫొటోలే. ఒళ్లంతా బురదతో, మూటలు మోస్తూ నిచ్చెనలెక్కే వేలమంది మనుషులు. ఇక్కడ అలాంటిది ఎక్కడ దొరుకుతుంది? ఇనుప ఖనిజాన్ని యంత్రాలు తవ్వాయి, లారీలు మోశాయి. ఆ రోజు గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని కారు దిగనివ్వలేదు. దూరం నుంచి తీసిన ఎర్రకొండ ఫొటో చూసుకుని బావ, "క్యాలెండర్‌కి పనికొస్తుంది" అన్నాడు.

తిరిగొస్తూ టీకి ఆగాం. కొట్టాయనకి ఒకప్పుడు పది టైర్ల లారీ ఉండేదట. "చైనా వాళ్లు మన ఎర్రమన్ను కొంటారంటే మొదట మేమే నమ్మలేదప్పా" అన్నాడు. బీజింగ్ ఒలింపిక్స్ ముందు ఆ గిరాకీ చూసి ఫైనాన్స్‌లో లారీ కొన్నాడు. ఓబుళాపురంలో పని ముందే ఆగింది, 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలోనూ తవ్వకాలు ఆపించింది. కంతులు ఆగలేదు. లారీ పోయింది.

పాత ట్రిప్ షీట్లు మాత్రం క్యారీబ్యాగులో దాచుకున్నాడు. టన్నులు, బండి నంబరు, కృష్ణపట్నం అని పోర్టు పేరు. మడతల్లో ఇప్పటికీ ఎర్రటి ధూళి. బావ వాటిని టీ బల్ల మీద ఒక్కొక్కటే పరిచి రెండు గంటలు తీశాడు. నాకు విసుగొచ్చింది, ఆయనకు రాలేదు. గాలికి కాగితాలు లేస్తుంటే గ్లాసులు బరువు పెట్టాడు. డబ్బు ఇవ్వబోతే వద్దని, ఆరు టీలకి 60 మాత్రం తీసుకుని, లారీ నంబరు కనబడే ఫొటో ఒకటి పంపమన్నాడు.

డ్రైవర్ వెయిటింగ్ పేరుతో ఇంకో 300 అడిగాడు. బావ కిక్కురుమనకుండా ఇచ్చాడు. లాడ్జివాడి 600 గురించి మాత్రం అనంతపురం దాకా తిడుతూనే ఉన్నాడు.