కర్నూలులో అమ్మకానికి వచ్చిన 8 బోరు డబుల్ రైఫిల్: గొట్టాలకు ఢోకా లేదు, కట్టెతోనే చిక్కు

బనగానపల్లె వైపు ఒక పాతింటి నుంచి కర్నూలులోని లైసెన్సు దుకాణానికి వచ్చిన రెండు గొట్టాల తుపాకీ ఇది. చేతిలోకి తీసుకోగానే తెలిసేది బరువు, దాదాపు ఏడు కిలోలు. అంత బరువు లేకపోతే దీన్ని పేల్చినవాడి భుజం నిలవదు. 8 బోరు అంటే, ఆ గొట్టానికి సరిపోయే సీసపు గుండ్లు ఎనిమిది కలిపి ఒక పౌను తూగుతాయని. ఒక్కో గుండు 56 గ్రాముల పైమాటే, అడ్డకొలత 21 మిల్లీమీటర్లు. పెద్ద రేగుపండంత.

ఇంత లావు ఎందుకంటే పొగ వచ్చే పాతరకం నల్ల తుపాకీమందుతో గుండు వేగం ఒక హద్దు దాటదు. ఏనుగును, అడవిదున్నను నిలబెట్టాలంటే విక్టోరియా రాణి కాలంలో గుండు బరువు పెంచడమే మార్గం. 1898లో రిగ్బీ వాళ్ల .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ వచ్చాక, పొగలేని మందుతో చిన్న గుండే ఆ పని చేసింది. పెద్ద బోర్ల కాలం చెల్లింది.

కొనేవాళ్లు ముందు చూడాల్సింది నగిషీ కాదు, బిగింపు. ట్రిగ్గర్ గార్డు కింద చుట్టుకుని ఉండేది జోన్స్ మీట, 1859 నాటి పేటెంటు. దాన్ని పక్కకు తిప్పితే గొట్టాలు కిందికి వంగుతాయి, మళ్లీ మూస్తే స్క్రూ బిగిసినట్టు దగ్గరికి లాక్కుంటుంది. పరీక్షించేటప్పుడు గొట్టాల కింది ముందు చెక్కను తీసేయాలి. అది ఉంటే దాని ఒత్తిడికి వదులు కనబడదు. తీసి, మీట మూసి ఊపి చూస్తే ఈ తుపాకీ కదల్లేదు. సందులు కొలిచే 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ రేకు కూడా సందులో దూరలేదు. ఇంత వయసున్న తుపాకీకి ఇది చాలా గొప్ప.

తర్వాత గొట్టాలను విడదీసి, అడుగున ఉన్న కొక్కెంలో వేలు పెట్టి వేలాడదీసి చిన్న చెక్కముక్కతో తట్టాలి. గంటలా మోగితే రెండు గొట్టాల నడుమ పట్టీల టంకం గట్టిగా ఉన్నట్టు. పగిలిన కుండలా పలికితే టంకం ఊడి, లోపల కనబడని తుప్పు పడుతోందన్నమాట. ఇది చక్కగా మోగింది. ఇనుము, ఉక్కు పోగులు మెలిపెట్టి చేసిన డమాస్కస్ గొట్టాలివి, వంకీల చారలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. ఎడమ గొట్టంలో తూటా కూర్చునే ఛాంబర్‌లో మాత్రం మూడు తుప్పు గుంటలు. అడుగున, పేల్చి పరీక్షించాక వేసే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ ముద్రలున్నాయి గానీ, పొగలేని మందుకు పరీక్షించారని చెప్పే నైట్రో ప్రూఫ్ ముద్ర లేదు. పొగలేని మందు ఇందులో ఎప్పుడూ వేయకూడదు, ఆ గుంటలతో నల్ల తుపాకీమందు కూడా వద్దనే మా మాట.

డబుల్ రైఫిల్ అసలు బలం రెండు వేర్వేరు లాకులు (హ్యామర్‌ను పట్టి వదిలే యంత్రాలు), రెండు ట్రిగ్గర్లు. ఒకటి మొరాయించినా రెండోది పలుకుతుంది. అయితే లాకు అరిగిపోతే ఒక గొట్టం అదురుకే రెండోదీ పేలిపోతుంది. రెండు గొట్టాలూ ఖాళీ అని చూసుకుని, స్నాప్ క్యాపులు (మందులేని ఉత్తుత్తి తూటాలు) పెట్టి, రెండు హ్యామర్లూ ఎత్తి, ఒక ట్రిగ్గర్ మాత్రమే నొక్కి, బట్‌ను, అంటే భుజానికి ఆనించే వెనక భాగాన్ని, అరచేత్తో గట్టిగా చరచాలి. రెండో హ్యామర్ పడకూడదు. ఇక్కడ పడలేదు.

రెండు గొట్టాల గుండ్లూ ఒకే చోట తగిలేలా తయారీదారు కుదర్చడం ఒకే మందు కొలతకు, ఒకే బరువు గుండుకు జరుగుతుంది. వేగం తగ్గితే గుండ్లు ఎడంగా పోతాయి, పెరిగితే ఒకదాన్నొకటి దాటి అడ్డంగా పోతాయి. ఎవరైనా ఈ తుపాకీ గురి బాగోలేదంటే, ముందు ఏ కొలత వేశారో అడగండి.

గొట్టాలు, లాకులు అమర్చిన చెక్క భాగం, అంటే కట్టె దగ్గరే మనసు చివుక్కుమంది. కుడి లాకు వెనక బెత్తెడు పగులు, దాని చుట్టూ చెక్క నల్లబడి గోటికి దిగుతోంది. నూనె పూసి గోడకు నిలబెడితే అది గొట్టాల మీదుగా జారి కట్టెలోకి ఇంకుతుంది, ఏళ్ల తరబడి ఇంకి మెత్తబరుస్తుంది. కర్నూలు ఎండకు చెక్క బిగుసుకుంటే పగులు ఇంకా సాగుతుంది. పైగా ఎవరో మంచం కోళ్లకు వేసే వార్నిషు పూసేశారు. బాగుచేయాలంటే లాకులు తీసి, సుద్దపొడిని అసిటోన్‌తో ముద్ద చేసి పట్టించి, ఆరాక దులిపి, మళ్లీ పట్టించాలి. సుద్ద పసుపురంగు ఎక్కడం ఆగేదాకా వారాలు పడుతుంది. నూనె పూర్తిగా తీయకుండా ఎపాక్సీ జిగురు పెడితే పట్టదు. గరుకు కాగితంతో రుద్దితే ఇనుము పైకి, చెక్క కిందికి అయిపోతుంది, ఆ తప్పు ఇక దిద్దలేం.

దాచేటప్పుడు మూతి కిందికి ఉంచాలి. తోలు పెట్టెలో వద్దు, తోలు తేమను పట్టి తుప్పు తెస్తుంది. ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేయాల్సి వస్తే గొట్టాల లోపలా బయటా గ్రీజు దట్టంగా పట్టించి ఇవ్వండి, తిరిగొచ్చేసరికి నెలలు పట్టొచ్చు.

వేటకు దీన్ని తీసే మాటే లేదు, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది. పురాతనమైనది కదా, లైసెన్సు అక్కర్లేదని చెప్పేవాళ్లను నమ్మొద్దు. ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు మరమ్మతు చేసినా పేలని వాటికే, ఇది పేలుతుంది. లైసెన్సు పుస్తకంలో బోరు 8 అనే ఉందా, 12 అని రాశారా చూడండి. ట్రిగ్గర్ గార్డు మీది నంబరుతో పుస్తకంలోని నంబరు అంకె అంకె సరిపోలేదాకా డబ్బు చేతికివ్వకండి.