కప్ప మాగైనిన్, తేనెటీగ మెలిటిన్

బ్యాక్టీరియాను చంపే మందుకు వీటిలో ఏది మంచి పునాది? కప్ప చర్మంలోని మాగైనిన్, తేనెటీగ విషంలోని మెలిటిన్ రెండూ చిన్న పెప్టైడ్లే, అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు. మాగైనిన్-2లో 23 అమైనో ఆమ్లాలు, మెలిటిన్‌లో 26. రెండూ ధనావేశంతో ఉంటాయి, బ్యాక్టీరియా పొరకు అతుక్కుని దాన్ని ఛిద్రం చేస్తాయి. అసలు తేడా అంతా మన కణాల దగ్గరే.

తేనెటీగ విషంలో, ఎండు బరువు ప్రకారం, దాదాపు సగం మెలిటిన్. చాలా శక్తిమంతమైనది, కానీ విచక్షణ లేదు: బ్యాక్టీరియాతో పాటు మన ఎర్ర రక్తకణాలనూ పగలగొడుతుంది. అందుకే దీన్ని నేరుగా మందుగా వాడాలనే మాట నాకు భయం కలిగిస్తుంది.

మాగైనిన్ కథ వేరు. ఆఫ్రికా గోళ్ల కప్పలకు ఆపరేషన్ చేసి మామూలు తొట్టి నీళ్లలో వదిలినా గాయాలు చీము పట్టకుండా మానడం అమెరికా శాస్త్రవేత్త మైఖేల్ జాస్లాఫ్ గమనించారు. ఎంత చక్కటి పరిశీలన! ఆ కప్ప చర్మంలో దొరికిన ఈ పెప్టైడ్ల గురించి 1987లో ప్రకటించారు. బ్యాక్టీరియా పొర బయటివైపు రుణావేశం ఎక్కువ, అది ధనావేశమున్న మాగైనిన్‌ను ఆకర్షిస్తుంది. మన కణాల పొరలో అది తక్కువ, పైగా పొరను గట్టిపరిచే కొలెస్ట్రాల్ ఉంటుంది. అందుకే మాగైనిన్ మన కణాల జోలికి పెద్దగా రాదు.

మందుకు పునాదిగా నా ఓటు మాగైనిన్‌కే. అయితే దాన్నుంచి తయారైన పెక్సిగనాన్‌ను డయాబెటిస్ రోగుల పాదాల పుండ్లపై పరీక్షించినా, 1999లో అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వలేదు.