విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర అవుట్‌బోర్డ్ రిపేర్ షెడ్: బోటెక్కి చూశాకే స్పానర్ పట్టుకున్నాడు

మాది 14 అడుగుల ఫైబర్ బోటు, వెనక 25 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయటికి తగిలించే ఇంజిన్), చేత్తో హ్యాండిల్ పట్టుకుని తిప్పేది. ఆదివారాలు నేనూ మా బావా ఇంకొకళ్ళూ భీమిలి నుంచి గేలాలేసుకోడానికి వెళ్తాం. దసరా తర్వాత నుంచి బోటు నడపాలంటేనే భయమేసేది, సగం థ్రాటిల్ దాటితే చాలు ముక్కు పైకి లేవడం దబ్బున పడడం మళ్ళీ లేవడం, నీళ్ళు అద్దంలా ఉన్నా అదే గెంతుడు. మలుపు తిప్పితే ఇంజిన్ గొంతు చించుకుని అరుస్తుంది గానీ బోటు కదలదు. దానికి తోడు బోటు కుడివైపు లాగేసేది, అరగంట హ్యాండిల్ పట్టుకుంటే భుజం పడిపోయేది.

అంతకుముందు ఒక మెకానిక్‌కి చూపిస్తే (పేరు చెప్పను) బోటు ట్రైలర్ మీద ఉండగానే ఫ్యాన్ (నీళ్ళల్లో తిరిగే ప్రొపెల్లర్) పోయింది కొత్తది వెయ్యాలి పన్నెండు వేలవుద్ది అన్నాడు. నేను దాదాపు ఒప్పేసుకున్నాను, మా బావే ఆగమన్నాడు, హార్బర్ బయట ఒక చిన్న రేకుల షెడ్ ఉంది అక్కడ జాలర్లందరూ ఇంజిన్లు ఇస్తారు ఒకసారి అడుగుదాం అని.

షెడ్‌లో ఆయనకి అరవై దాటుంటాయి, అందరూ బాబాయ్ అంటారు. నేను చెప్పిందంతా విని, "మోటారు ఇక్కడెట్టి నేనేటి సూస్తాను బాబూ, నీళ్ళల్లో సూపించు, నువ్వు రోజూ ఎలగెల్తావో అలగే సామానెట్టు, మనుసుల్ని కూడా తెచ్చుకో" అన్నాడు. హార్బర్ నుంచి భీమిలి పాతిక కిలోమీటర్ల పైనే, ఆదివారం పొద్దున్నే ఆరింటికి తన బండి మీద వచ్చేశాడు. ఈ ఒక్కదానికే ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది.

గోస్తని సముద్రంలో కలిసే చోట నీళ్ళు కాస్త నెమ్మదిగా ఉన్నప్పుడు ఆయన్ని బోటెక్కించాం. ఇంజిన్ ముట్టుకోకముందే చూసింది బరువు. 25 లీటర్ల పెట్రోల్ ట్యాంకు, బ్యాటరీ, ఐస్ బాక్స్, అన్నీ వెనకే, హ్యాండిల్ పట్టుకున్న నేను కూడా వెనకే. "ఎనకంతా ఇంత బరువెట్టేస్తే ముక్కు లెగదేటి మరి" అని ట్యాంకునీ ఐస్ బాక్స్‌నీ మధ్య బల్ల ముందుకి జరిపించాడు, పెట్రోల్ పైపు పొడవు సరిపోతుందో లేదో కూడా చూశాడు. అంతే, గెంతుడు సగం తగ్గిపోయింది, నేను నమ్మలేదు.

తర్వాత పిన్ను. అవుట్‌బోర్డ్ బిగించే బ్రాకెట్‌లో వరసగా కన్నాలుంటాయి కదా, పిన్ను ఏ కన్నంలో ఉంటే ఇంజిన్ కాలు (నీళ్ళల్లో దిగే కింది భాగం) ఆ వంపులో ఆగుతుంది. మాది చివరి కన్నంలో ఉంది, అంటే కాలు బోటుకి దూరంగా బయటికి పోయి ముక్కుని పైకెత్తేస్తోంది. ఆయన ముందు బోటుకి అన్నిటికన్నా దగ్గరున్న కన్నంలో పెట్టి నన్నే నడపమన్నాడు. ముక్కు నీళ్ళల్లో దిగబడిపోయింది, మొహం మీద నీళ్ళు, హ్యాండిల్ బరువెక్కిపోయి బోటు అటూ ఇటూ ఊగింది. తిరిగొచ్చేటప్పుడు కెరటం వెనకనుంచి తోస్తుంటే ముక్కు ఇలా దిగితే బోటు అడ్డం తిరిగిపోద్ది, ఎప్పుడూ ఇక్కడ పెట్టకు అని గట్టిగా చెప్పాడు. రెండో కన్నంలో పెట్టాక కుదురుకుంది. ఒక్కోసారి ఒక్కటే మార్చాడు, మార్చిన ప్రతిసారీ నడిపించాడు, అందుకే ఏది దేనివల్లో నాకూ అర్థమైంది.

మలుపులో అరుపు మాత్రం పోలేదు. ఒడ్డుకొచ్చి బోటు అడుగున వంకర లేని ఒక తిన్నటి చెక్క ఆనించి చూశాడు, అడుగు వంపు తిరగలేదు బానే ఉంది, కానీ ఫ్యాన్ పైన ఉండే రెక్కలాంటి ప్లేటు బోటు అడుగుకన్నా రెండంగుళాలు పైకుంది. ఈ ప్లేటు అడుగుతో దాదాపు సమానంగా ఉండాలి, ఓ అంగుళం అటూ ఇటూ పర్లేదు. మరీ పైకుంటే మలుపులో ఫ్యాన్ పైనుంచి గాలి పీల్చేసుకుంటుంది, నీళ్ళకి బదులు గాలి కోస్తుంది, అందుకే ఆ అరుపు. వెనక చెక్క రిపేర్ చేసినప్పుడు ఎవరో ఇంజిన్ కింద చెక్క ముక్క ప్యాకింగ్ పెట్టారు, అది తీసేసి మళ్ళీ బిగించాడు. అప్పుడు ఫుల్ థ్రాటిల్‌లో మీటర్ పెట్టి చూస్తే 5400 ఆర్‌పీఎం, మా మాన్యువల్‌లో ఉన్నది 5000 నుంచి 6000, అంటే ఫ్యాన్ సరైనదే, పన్నెండు వేలు మిగిలాయి.

కుడివైపు లాగడానికి కారణం ఆ ప్లేటు కింద ఉండే ట్యాబ్ అనే చిన్న లోహపు రెక్క. దాని వెనక అంచుని కుడివైపుకే కొంచెం తిప్పాలట, బోటు ఎటు లాగుతుంటే అటే, నాకు తిరకాసుగా అనిపించింది కానీ తిప్పాక నిజంగానే సర్దుకుంది, నీళ్ళు ఆ ట్యాబ్‌ని ఎడమవైపు నెడతాయి కదా. మా ట్యాబ్‌ని ఉప్పునీళ్ళు సగం తినేశాయి. ఇంజిన్ బదులు అదే అరగాలి, అది దాని పని, దానికెవరో పెయింట్ వేసేశారు, పెయింట్ వేస్తే అది పనిచెయ్యదు. కొత్తది కావాలంటే స్టాక్ లేదు, తొమ్మిది రోజులు పట్టింది, ఇది నాకు నచ్చలేదు.

ఇంకో రెండు ఇబ్బందులు. ఫోన్ ఎత్తడు, మధ్యాహ్నం తర్వాత షెడ్‌లో ఉండడు. బిల్లు ఉండదు, కాగితం ముక్క మీద రాసిస్తాడు. రాకపోకలతో కలిపి మజూరీ 1800 తీసుకున్నాడు, ట్యాబ్ డబ్బులు వేరే. పోయేటప్పుడు ఉప్పునీళ్ళ నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళు పెట్టి ఇంజిన్ నడపమనీ, కిల్ స్విచ్ తాడు (మనిషి పడిపోతే ఇంజిన్ ఆపేసేది) చేతికి కట్టుకోకుండా బయల్దేరొద్దనీ మా బావకి రెండుసార్లు చెప్పాడు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి అప్పుడు ఊళ్ళో ఇంజిన్లన్నీ ఆయన దగ్గరే విప్పి ఉంటాయి, ఆ రెండు నెలలూ వెళ్ళకండి. వెళ్ళినా బోటులో రోజూ పెట్టే సామానంతా అలాగే ఉంచండి, ఖాళీ బోటు చూపిస్తే సామానెట్టుకుని రమ్మని వెనక్కి పంపేస్తాడు.