కాన్పుకి డబ్బులొచ్చాయి, కడుపుతో ఉన్న నెలలకి రాలేదు

మా ఆయన ఆఫీసు ఇచ్చిన గ్రూపు హెల్త్ పాలసీని నాలుగేళ్ళ పైనుంచి వాడుతున్నాం. ఇద్దరు పిల్లలూ ఈ పాలసీలోనే పుట్టారు. డెంగీ జ్వరానికి వాడినవాళ్ళు, మోకాలి ఆపరేషన్‌కి వాడినవాళ్ళు చాలామంది రాస్తారు గానీ, నెల తప్పిన దగ్గర్నుంచి కాన్పు దాకా ఇది ఎంతవరకు ఆదుకుంటుందో ఎవరూ రాయగా నేను చూడలేదు. నా మార్కులు ముందే చెప్పేస్తా. కాన్పు బిల్లుకి అయిదుకి మూడున్నర. గర్భంతో ఉన్నప్పటి పరీక్షలకి ఒకటి, అదీ మొహమాటానికి.

కంపెనీ పేరు రాయను, రాసినా మీకు ఉపయోగం ఉండదు. మధ్యలో ఆఫీసువాళ్ళు బీమా కంపెనీనే మార్చేశారు. షరతులు మాత్రం మక్కీకి మక్కీ అవే.

మాకు విడిగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండే పాలసీ, కూడా ఉంది. దానిలో కాన్పు ఊసే లేదు. బయట అమ్మే మామూలు పాలసీల్లో ఎక్స్‌క్లూజన్ 18 అని ఒక నిబంధన ఉంటుంది. ప్రసవం, సిజేరియన్, గర్భస్రావం, వీటి ఖర్చులేవీ ఇవ్వరు. గర్భం ట్యూబులో నిలిస్తే మాత్రం ఇస్తారు. కాన్పు కవర్ కలిపి అమ్మే పాలసీలూ ఉన్నాయి, కానీ వాటికి తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ దాకా వెయిటింగ్, అంటే పాలసీ తీసుకున్నాక అన్నాళ్ళు ఆగితేనే కాన్పుకి ఇస్తారు. కొత్తగా పెళ్ళయిన ఇంట్లో ఆ కాగితం ముందేసుకుని కూర్చుంటే పెద్దవాళ్ళు ఏమంటారో మీకు తెలియంది కాదు. గ్రూపు పాలసీలో ఆ బాధ లేదు. చేరిన రోజు నుంచే కాన్పు కవర్ ఉంది, రెండు కాన్పుల వరకు.

అసలు మెలిక పరిమితి దగ్గర ఉంది. మా పాలసీలో కాన్పుకి 50,000 రూపాయలు. దానిలోనే కాన్పుకి ముందూ వెనకా పరీక్షలకని 5,000. ఈ 5,000 ఆ యాభై వేలకి అదనం కాదు, అందులో భాగం. పైగా కాన్పు క్లెయిమ్‌తో పాటే పెట్టాలి. అంటే మూడో నెలలో తీయించుకున్న స్కాన్ డబ్బులు బిడ్డ పుట్టాక అడగాలి. సిజేరియన్ అయిందనుకోండి, ఆస్పత్రి బిల్లే యాభై వేలు దాటేస్తుంది. ఇక ఆ అయిదు వేలు బ్రోచర్‌లో చదువుకోవడానికే. నా రెండో కాన్పులో జరిగింది ఇదే, పరీక్షల బిల్లులకి రూపాయి కూడా రాలేదు.

ఈ పరీక్షలేమైనా తక్కువా? మొదట్లో రక్తపరీక్షలు, థైరాయిడ్. 11 నుంచి 13 వారాల మధ్య బిడ్డ మెడ వెనక కొలత చూసే ఎన్‌టీ స్కాన్, దానితో పాటు డబుల్ మార్కర్ రక్తపరీక్ష. 18 నుంచి 22 వారాల్లోపు టిఫా, అంటే బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్. 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ నీళ్ళు తాగించి చేసే షుగర్ పరీక్ష. తర్వాత గ్రోత్ స్కాన్లు, డాక్టరుకి అనుమానం వస్తే బిడ్డకి రక్తప్రసరణ చూసే డాప్లర్. వీటిలో ఒక్కదానికీ ఆస్పత్రిలో చేరనక్కర్లేదు. అందుకే ఒక్కటీ క్యాష్‌లెస్‌లో, అంటే మనం కట్టకుండా బీమా కంపెనీయే ఆస్పత్రికి కట్టే పద్ధతిలో, రాదు. విజయవాడ సూర్యారావుపేటలో నేను చూపించుకున్న ఆస్పత్రి నెట్‌వర్క్‌లో, అంటే బీమా కంపెనీతో ఒప్పందమున్న ఆస్పత్రుల్లో, ఉన్నదే. ఇన్సూరెన్స్ డెస్క్‌లో అమ్మాయి నా కార్డు అటూ ఇటూ తిప్పి, "ఓపీకి రాదండీ మేడమ్, అడ్మిషన్ అయితేనే" అని తిరిగిచ్చేసింది. ఓపీ అంటే ఆస్పత్రిలో చేరకుండా చూపించుకోవడం. తప్పు ఆమెది కాదు.

తొలికాన్పు మా అమ్మగారింట్లో, గుంటూరులో, 2022లో. ఏడో నెల దాకా పరీక్షలన్నీ బెజవాడలో, కాన్పు గుంటూరు కొత్తపేటలో. ఆ ఆస్పత్రి నెట్‌వర్క్‌లో లేదు. నార్మల్ కాన్పు కాబట్టి బిల్లు పరిమితి లోపే ఉంది. డబ్బులు మేమే కట్టి, పాత స్కాన్ల బిల్లులు కూడా కలిపి రీయింబర్స్‌మెంట్‌కి పంపాం. అక్కణ్ణుంచి టీపీఏ వాళ్ళ, అంటే బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థవాళ్ళ, క్వెరీలు మొదలయ్యాయి.

మొదటిది పేరు. స్కానింగ్ సెంటర్లో ఫారం ఎఫ్ నింపాలి, ఆధార్ చూపించాలి. లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఆ ఫారం తప్పదు. నా ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంది. మా ఆయన ఆఫీసులో హెచ్ఆర్ వాళ్ళు భార్య అనగానే ఆయన ఇంటిపేరు తగిలించి కార్డు చేశారు. బిల్లులో ఒకరు, పాలసీలో ఇంకొకరు. "పేషెంట్ పేరు, సభ్యురాలి పేరు సరిపోలడం లేదు" అని క్లెయిమ్ పక్కన పెట్టారు. మన జిల్లాల్లో పెళ్ళయిన ఆడవాళ్ళలో సగం మందికి ఈ తేడా ఉంటుందని ఆ సాఫ్ట్‌వేర్‌కి ఎవరూ చెప్పినట్టు లేదు. గవర్నర్‌పేట కోర్టుల దగ్గర నోటరీ చేత ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ రాయించి, పెళ్ళి సర్టిఫికెట్ జతచేసి పంపాం. మీరు ఈ పని నెల తప్పగానే చేయించుకోండి, లేదా హెచ్ఆర్‌కి చెప్పి కార్డులో పేరు ఆధార్‌లో ఉన్నట్టు మార్పించుకోండి.

రెండోది ఇంకా చిత్రం. ప్రతి బిల్లుకీ ఒరిజినల్ ప్రిస్క్రిప్షన్ కావాలట. మన గైనకాలజిస్టులు విడిగా చీటీ రాయరు కదా. తొమ్మిది నెలలకీ ఒకటే ఫైలు, ఒక్కో పేజీలో రెండు మూడు సార్లు చూసినవి. బీపీ, బరువు, బిడ్డ గుండె చప్పుడు, కిందే "టిఫా తీయించాలి" అని ఒక గీత. ఆ పేజీ చించి పంపితే తర్వాత నెల డాక్టరు ఏం చూస్తారు? చివరికి జిరాక్సుల మీద ఆస్పత్రి సీలు, సంతకం వేయించి పంపితే ఒప్పుకున్నారు. కన్సల్టేషన్ ఫీజుకి రసీదు అడిగితే రిసెప్షన్‌లో వింతగా చూస్తారు, అయినా అడగండి. తెల్లకాగితం మీద రాసిచ్చింది చెల్లదు, నంబరున్న పక్కా బిల్లు కావాలి.

ఐరన్, కాల్షియం మాత్రల బిల్లులు మొత్తం కొట్టేశారు. అవి సప్లిమెంట్లట, ఆస్పత్రిలో చేరినప్పుడు రాస్తేనే ఇస్తారట. గర్భిణికి ఆ రెండూ కాక ఇంకేం రాస్తారో నాకైతే తెలీదు. టిఫా బిల్లు కూడా ముందు తిరస్కరించారు. బీమా కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి మెయిల్ పెట్టాక ఇచ్చారు. అక్కడా పని కాకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఆ తర్వాత బీమా తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ హైదరాబాద్‌లో ఉన్నారు, ఫీజు లేదు. మాకు అంతదూరం వెళ్ళే అవసరం రాలేదు.

ఇప్పుడు పుట్టింటికి వెళ్ళేవాళ్ళకి కాస్త నయం. 2024 జనవరి నుంచి నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రిలోనూ క్యాష్‌లెస్ అడగొచ్చు. ముందే అనుకున్న అడ్మిషన్ అయితే 48 గంటల ముందు కంపెనీకి చెప్పాలి, నొప్పులొచ్చి హఠాత్తుగా చేరితే చేరిన 48 గంటల్లోపు. ఆస్పత్రివాళ్ళు కూడా ఒప్పుకోవాలి, అది ముందే కనుక్కోండి.

మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోవాలి. పెద్దదానికి పుట్టిన మూడో రోజున పచ్చకామెర్లు పెరిగి ఫొటోథెరపీలో పెట్టారు. బిడ్డకి మొదటి రోజు నుంచే కవర్ ఉంది కాబట్టి ఆ ఖర్చు కాన్పు పరిమితిలోంచి కాకుండా అసలు బీమా మొత్తంలోంచి వచ్చింది, పేచీ లేకుండా. పుట్టగానే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి పాప పేరు చేర్పించడమే మేం చేసింది. అప్పటికి పేరు పెట్టలేదు, "బేబీ ఆఫ్" అనే రాశాం.

రెండోసారి, 2025లో, బెజవాడలోనే సిజేరియన్, క్యాష్‌లెస్. చేరేటప్పుడు అనుమతి త్వరగానే వచ్చింది. డిశ్చార్జి రోజు మాత్రం పొద్దున్నే సంచులు సర్దుకుని దీపాలు పెట్టేదాకా కూర్చున్నాం. డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో తేల్చాలని 2024 మే సర్క్యులర్‌లో ఐఆర్‌డీఏఐ చెప్పిందని మా ఆయన కౌంటర్లో అడిగారు. ఆ గడియారం ఆస్పత్రి ఫైనల్ బిల్లు పంపినప్పుడు మొదలవుతుందట, డాక్టరు డిశ్చార్జి చెప్పినప్పుడు కాదు. బిల్లు పంపిందే మధ్యాహ్నం భోజనాలయ్యాక. కాబట్టి గొడవ పడాల్సింది ముందు బిల్లింగ్ కౌంటర్‌తో, తర్వాత టీపీఏతో.

ఆ రెండో గర్భంలో నాకు షుగర్ బయటపడింది. ఇంట్లో గ్లూకోమీటర్, స్ట్రిప్పులు, ఇన్సులిన్, మాటిమాటికీ గ్రోత్ స్కాన్. అన్నీ చేతి డబ్బులే. అప్పుడు మా తోటికోడలు ఒక మాట అంది. ఆమె బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో చేస్తుంది, జీతం 21,000 లోపే, ఈఎస్ఐ (తక్కువ జీతాల ఉద్యోగులకి ప్రభుత్వం నడిపే బీమా) కింద జీతంలో 0.75 శాతం కోస్తారు. గుణదల ఈఎస్ఐ ఆస్పత్రిలో ఆమె చెకప్‌లూ మందులూ ఆ కార్డు మీదే జరిగాయి, 26 వారాల సెలవుకి డబ్బులు కూడా వచ్చాయి. "అక్కా, మీది పెద్ద కంపెనీ ఇన్సూరెన్సు కదా, మరి ఈ బిల్లుల కట్టేంటి?" అంది. సమాధానం లేదు నా దగ్గర.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో నాలుగో నెల నుంచి గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేస్తారు, 2016 నుంచీ ఉంది. ఏఎన్ఎమ్ (మా వీధికొచ్చే ప్రభుత్వ నర్సు) చెబితే నేనూ రైల్వే స్టేషన్ దగ్గర పాత ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. రక్తం, బీపీ, షుగర్ చూశారు. తల్లీబిడ్డల కార్డు ఇచ్చారు. బీమావాళ్ళు కొట్టేసిన ఆ ఐరన్, కాల్షియం మాత్రలు ఇక్కడ ఊరికే చేతిలో పెట్టారు. ప్రైవేటులో చూపించుకుంటూనే ఇది కూడా వాడుకోవచ్చు, నామోషీ ఏమీ లేదు.

గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళు కాన్పయిన ఆరు వారాల తర్వాత ఒక్కసారి, ఆపైన ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలని డాక్టరు చెప్పారు. ఇదీ ఓపీయే. ఈ ఏడాది రెన్యువల్‌లో ఆఫీసువాళ్ళు ఓపీడీ కవర్ అదనంగా ఇస్తామన్నారు, ప్రీమియం మా జీతంలోంచి. ల్యాబ్ పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలని అడిగితే జాబితా పంపారు. విజయవాడలో కొన్ని ఉన్నాయి, గుంటూరులో ఒక్కటే. కాన్పుకి ముందు స్కాన్లు దీంట్లో వస్తాయా, నాలాంటివాళ్ళ షుగర్ పరీక్ష వస్తుందా అని రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడిగాం. మొదటిదానికి "రావు" అని వచ్చింది. రెండోదానికి ఇంకా జవాబు లేదు, అది వచ్చేదాకా టిక్కు పెట్టొద్దని మా ఆయనకి చెప్పాను.