డీవీడీ ష్రింక్: ఇన్నేళ్లుగా వాడుతున్నది ‘రీ-ఆథర్’ కోసమే

డీవీడీ ష్రింక్ అనే సాఫ్ట్‌వేర్ 8.5 జీబీ డిస్కును సైజు తగ్గించి 4.7 జీబీ ఖాళీ డిస్కులో పట్టిస్తుందని అందరికీ తెలుసు, అది వదిలేద్దాం. 2004 తర్వాత కొత్త వెర్షన్ రాని ఈ పాత సాఫ్ట్‌వేర్‌ని నేను ఇంకా తీసేయకపోవడానికి కారణం అందులోని రీ-ఆథర్ అనే సదుపాయం ఒక్కటే.

తెలుగు డీవీడీలు కొన్నవాళ్లకు ఈ బాధ తెలుసు. డిస్కు పెడితే సినిమా రాదు. ముందు కంపెనీ లోగో, తర్వాత వాళ్లే అమ్మే వేరే సినిమాల ప్రకటనలు, దాటేద్దామని రిమోట్ నొక్కితే తెర మీద అడ్డగీత గుర్తు. అవన్నీ అయ్యాక మెనూ. తిరుపతిలో మా ఇంట్లో ఈ డిస్కులు చూసేది మా అవ్వ. పౌరాణికాలంటే ప్రాణం, కానీ మెనూలో ‘ప్లే’ ఎక్కడుందో ఆమె కళ్లకు ఆనదు. నేను డ్యూటీలో ఉండగా ఫోను: “అబ్బోడా, పాట ముక్క అదే తిరగతా ఉండాదిరా, బొమ్మ రాలేదు.” మెనూ వెనక వచ్చే మ్యూజిక్ అన్నమాట అది.

రీ-ఆథర్‌లో అసలు సినిమాని మాత్రమే లాగి కొత్త డిస్కుగా కట్టుకోవచ్చు. మెనూ ఉండదు. మొదట అదో లోటు అనుకున్నా. తీరా చూస్తే డిస్కు పెట్టగానే టైటిల్స్ మొదలు! అవ్వ ఫోన్లు ఆగిపోయాయి.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. కొన్ని డిస్కుల్లో ‘విశ్రాంతి’ కార్డు పడగానే మళ్లీ ప్రకటనలు ఉంటాయి. వాటికి ఒకే టైటిల్‌ను (డిస్కులో సినిమా ఉన్న వీడియోని) రెండుసార్లు చేర్చి, మొదటిదానికి ప్రకటన ముందు ముగింపు, రెండోదానికి ప్రకటన తర్వాత ఆరంభం పెడితే ఆ ముక్క ఎగిరిపోతుంది. సరిగ్గా అనుకున్న ఫ్రేము దగ్గరే తెగదు, అర సెకను అటూఇటూ అవుతుంది. రెండు భాగాల మధ్య ప్లేయర్ కాస్త ఆగుతుంది కూడా. అది విశ్రాంతి దగ్గరే కాబట్టి మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

అయితే ఆ మెనూతోనే పాటల పేజీ కూడా పోతుంది. పద్యాలు మాత్రమే వినాలనుకున్న రోజు అవ్వకి సణుగుడే, నాకు రిమోట్‌తో తోసుకుంటూ పోవడమే. ఆ డిస్కులకి ఒరిజినల్ కూడా టీవీ పక్కనే పెట్టా.

క్వాలిటీ గురించి కూడా కాస్త చెప్పాలి. ప్రకటనలు, అక్కర్లేని ఆడియో తీసేశాక దాదాపు సరిపోయే డిస్కుల్లో తేడా కనబడదు. రెండున్నర గంటల సినిమాలో సెకనుకు 768 కిలోబిట్ల డీటీఎస్ అనే సౌండ్ ట్రాక్ ఉంటే అదొక్కటే 860 ఎంబీ తింటుంది. మా పాత ప్లేయర్‌కి డాల్బీ సౌండ్ ట్రాక్ చాలు కాబట్టి డీటీఎస్ టిక్కు తీసేస్తా. మూడు గంటల సినిమా సైజుని గట్టిగా కుదిస్తే మాత్రం పొగ, చీకటి సీన్లు గళ్లుగళ్లుగా విడిపోతాయి. కుదించే ముందు వీడియో అంతా ఓసారి పరిశీలించే ‘డీప్ అనాలిసిస్’ పెడితే కొంత నయం, కానీ టైమ్ తీసుకుంటుంది. మే నెల తిరుపతి ఎండల్లో నా ల్యాప్‌టాప్ మీద ఆ పని పగలు పెట్టను.

ఇంగ్లిష్ సినిమాల కొత్త డిస్కులు కొన్ని అసలు తెరుచుకోలేదు. నావిగేషన్ స్ట్రక్చర్ బాగాలేదని ఎర్రర్ చూపి ఆగిపోయింది. అవి అవ్వ చూసేవి కావు గనక నేనూ వెంటపడలేదు. అన్నట్టు ఇది ఉచిత సాఫ్ట్‌వేర్. దీని పేరుతో డబ్బులడిగే సైటు కనబడితే వెనక్కి వచ్చేయండి.

ఇంట్లో డీవీడీ ప్లేయర్ నడుస్తూ, రిమోట్‌తో కుస్తీ పట్టలేని పెద్దవాళ్లుంటే, కొనుక్కున్న డిస్కులకి ఇంట్లో కాపీ తీసుకోవడానికి నేనైతే దీన్నే చెబుతా. పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టుకునేవాళ్లకి డీవీడీని వీడియో ఫైలుగా మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్ మేలు. మా తమ్ముడు దాన్నే వాడతాడు, నన్ను చూసి నవ్వుతాడు కూడా.